బొట్టు పెట్టని పిలుపు

“బాబూ, బూరెలు ఇంకో వాయి వెయ్యమంటారా, పొయ్యి ఆర్పమంటారా?” వంటస్వామి శేషాచలం మళ్ళీ వచ్చి అడిగాడు.

లక్ష్మీకాంత్ వీధి చివరికే చూస్తూ, “వెయ్యండి స్వామీ, వచ్చేస్తారు” అన్నాడు. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

ఒంటిగంట దాటింది. షామియానా కింద బల్లల మీద పరిచిన విస్తళ్ళు ఎండకి అంచులు ముడుచుకుంటున్నాయి. పప్పు, గుత్తొంకాయ, గోంగూర, పులిహోర, ఏ గిన్నె మూత తీసినా నిండుగా ఉంది. ఖాళీగా ఉన్నది వీధి ఒక్కటే.

వచ్చిన అతిథి ఒక్కడు. ఎస్టీడీ బూతు ఇమాం హుస్సేన్. భార్య చాంద్‌బీని వెంటబెట్టుకుని పన్నెండింటికే వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, తప్పు చేసినవాడిలా నేలచూపులు చూస్తున్నాడు.

మొన్న అమరావతిలో అమరేశ్వరుడి సన్నిధిలో అతని చెల్లెలు బిందుమాధవి మెడలో మాలకొండయ్య తాళి కట్టాడు. మొదటి భర్త పోయిన ఆమెకది రెండో పెళ్ళి. అతనిదీ భార్య పోయిన ఇల్లే. పొదిలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇవాళ ఊరందరికీ పప్పన్నం పెట్టి, అందరి దీవెనలతో పిల్లని పొదిలి పంపాలని అన్నగారి సంకల్పం. అందుకోసమే లక్ష్మీకాంత్ టాంజానియాలోని మ్వాంజా నుంచి, తను మేనేజరుగా ఉన్న పత్తి మిల్లుకి సెలవు పెట్టి వచ్చాడు. భార్య మాత్రం పిల్లల పరీక్షలని అక్కడే ఉండిపోయింది.

పదేళ్ళు పరదేశంలో ఉన్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. అక్కడుంటే ఇక్కడి ఊసు, ఇక్కడికొస్తే అక్కడి ఊసు. ఊరి దగ్గరి చిలకలూరిపేటలో బస్సు దిగి, జిన్నింగు మిల్లుల దూది వాసన పీల్చి, “అచ్చం మా మ్వాంజా!” అన్నాడు. మ్వాంజాలో అదే వాసనకి “అచ్చం మా పేట!” అని పదేళ్ళుగా అంటూనే ఉన్నాడు. రోడ్డు దాటే జనం, లారీల హారన్లు, కూర్చోకముందే జీతమెంతని అడిగే చుట్టాలు, దేన్నీ వదల్లేదు. అన్నింటికీ ఒక వ్యాఖ్యానం ఉంది అతని దగ్గర. తల్లి పేరమ్మ విని విని, “నీ కాళ్ళు ఇక్కడ, కళ్ళు అక్కడ పెట్టుకొచ్చావురా” అంది.

పిలుపుల దగ్గరా అదే వచ్చింది.

“నేను బొట్టు పెట్టకూడదు. నీ పెళ్ళాం ఇక్కడ లేదు. బాపయ్య బాబాయి కోడల్ని తోడు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి రారా కాంతం” అని తల్లి చెప్పింది.

“ఈ కాలంలో ఇంకా ఇదేంటమ్మా! అక్కడ ఎంత పెద్ద పార్టీ అయినా ఫోన్లోనే పిలుచుకుంటాం. వాళ్ళ పనీ చెడదు, మన పనీ చెడదు” అన్నాడు కొడుకు. ఇమాం హుస్సేన్ బూతులో ఒక పూట కూర్చుని ఊరి పిలుపులన్నీ ముగించేశాడు. ఫోను లేని ఇళ్ళకి పక్కింటి వాళ్ళతో కబురు పెట్టాడు. ఇంటికొచ్చి, “చూశావా, ఒక్క చెప్పు అరగలేదు” అని గొప్పలు కూడా పోయాడు.

ఇప్పుడు పేరమ్మ గుమ్మంలో నిలబడి, ఆ గొప్పల్నే వడ్డీతో సహా తిప్పి ఇస్తోంది.

“ఫోన్లో వాళ్ళేమన్నారో ఒక్కసారి సరిగ్గా చెప్పు.”

“అలాగే బాబూ అన్నారు. మంచిదన్నారు. అనసూయ పిన్నయితే ‘సంతోషం నాయనా’ అంది.”

“వస్తామన్నారా?”

లక్ష్మీకాంత్ గుర్తు చేసుకున్నాడు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట ఒక్కరి నోటా వినలేదు.

“అనలేదు గదా! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వింటేనా? దొరబాబువి. ఇంత అన్నం ఇప్పుడు ఎవరికి పోస్తావు, గొడ్లకా?”

“అమ్మా, గట్టిగా అరవకు. లోపల మాలకొండయ్యగారున్నారు.”

“ఉంటే విననీ. ఇంతకంటే వినేదేముంది?”

ఇమాం హుస్సేన్ మెల్లగా లేచాడు. “మేం వెళ్ళొస్తామండీ కాంతం గారూ.”

“తినకుండా ఎక్కడికయ్యా?”

“వీధంతా రాకుండా మేమిద్దరం కూర్చుని తింటే ఏం బాగుంటుందండీ?”

“మరి మీరొక్కరే ఎలా వచ్చారు?” అని అడిగేశాడు లక్ష్మీకాంత్. అడిగాక, ఆ అడగడం బాగాలేదని తెలిసింది.

హుస్సేన్ నొచ్చుకోలేదు. “నన్ను మీరు ఎదురుగా పిలిచారు గదండీ. ఆ రోజు బూతులో భుజం మీద చెయ్యేసి, ‘చాంద్‌బీని కూడా తీసుకురా, నా చెల్లెలికి దీవెన కావాలి’ అన్నారు. ఎట్టా రాకుండా ఉంటాం?”

చాంద్‌బీ కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చుంది. భర్త కూడా కూర్చోక తప్పలేదు.

అప్పుడు బిందుమాధవి బయటికొచ్చింది. కొత్త పసుపుతాడు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. చేతిలో సూట్‌కేసు.

“అన్నయ్యా, సాయంత్రం రమ్మన్న కారుని ఇప్పుడే రమ్మను.”

“బిందూ, తొందరపడకు. తప్పు నాది. ఫోన్లో పిలవడం...”

“ఫోనుదేం తప్పు? రావాలనుకునే వాళ్ళకి ఈల వేసినా చాలు. నా పెళ్ళి వాళ్ళకి ఇష్టం లేదు. అంతే. గుళ్ళో అయింది చాలు, ఊరి భోజనాలొద్దు అని నేను మొత్తుకున్నాను. మీ మ్వాంజాలో ఎవరి బతుకు వాళ్ళదని, ఇక్కడా అంతేనని నువ్వు అనుకున్నావు.”

“అలా అనకమ్మా.”

“ఇంకెలా అనాలి? అటు చూడు. నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన ఇళ్ళు. ఒక్క గుమ్మం కదిలిందా? ఇంక నేను ఈ ఊరి పొలిమేర తొక్కను. అమ్మని చూడాలనిపిస్తే పేట బస్టాండుకి రమ్మంటాను. అక్కడే కూర్చుని మాట్లాడుకుంటాం.”

పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఇల్లు భరించడం కష్టం.

వెనకే వచ్చిన మాలకొండయ్య భార్య చేతిలో సూట్‌కేసు తీసుకుని కింద పెట్టాడు. “బావగారూ, ఒక మనవి. ఊళ్ళోవాళ్ళు రాలేదు గానీ, నాకు ఆకలి మాత్రం వచ్చింది” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అతను బిందు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నువ్వు వెళ్దామంటే ఈ నిమిషమే వెళ్దాం. కానీ ఇట్లా ఏడుస్తూ దిగావంటే పొదిల్లో మా అక్కలు నన్ను తంతారు. కాసేపు కూర్చో.”

“ఏడవట్లేదు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఘాటు” అంది బిందు.

అందరికీ తెలుసు అది ఘాటు కాదని. అందరూ ఘాటే అన్నట్టు ఊరుకున్నారు.

లక్ష్మీకాంత్ ఇంక అక్కడ నిలబడలేకపోయాడు. చెప్పులేసుకుని ఎండలో పడ్డాడు. చెల్లెలు ఈ ఊరికి ఇంక రాకపోతే దానికి కారణం ఊరు కాదు, తను. ఆ సంగతి అతనికి అన్నం సయించనంత స్పష్టంగా తెలిసింది.

వీధిలో నడుస్తుంటే ఒక వింత కనిపించింది. ప్రతి ఇంటి అరుగు మీదా మనుషులున్నారు. చలవ చొక్కాలు, జరీ అంచు పంచెలు, పట్టుచీరలు. ఏ పెళ్ళికో బయలుదేరబోతూ బండి కోసం ఆగినట్టున్నారు. తనని చూసి పలకరింపుగా తలలూపారు. ఒక్కరూ లేవలేదు.

బాపయ్య బాబాయి తెల్లపంచె, ఉత్తరీయంతో మడతమంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. మనిషికి డెబ్బై దాటినా గొంతు మాత్రం పొలం గట్టు మీది గొంతే.

“ఏరా కాంతం, ఎండన పడి ఎటు?”

“నీ దగ్గరికే బాబాయ్. ఎందుకు రాలేదు?”

“ఎక్కడికి?”

“భోజనానికి!”

“పిలిస్తే గదరా!”

“ఫోన్ చేశాను గదా?”

“చేశావు. మీ ఇంట్లో ఆదివారం భోజనాలు ఉన్నాయని తెలిసింది. పేపర్లో వార్త కూడా తెలుస్తుంది. వార్త తెలిసిందని విస్తరి ముందుకెళ్ళి కూర్చుంటారా ఎవరైనా?”

లోపల్నుంచి అనసూయ పిన్ని వచ్చింది. పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉంది. “నువ్వూరుకో. పిల్లాడిని ఎండన నిలబెట్టి వాదనా?” అని మొగుడిని కసిరి, “కూర్చో నాయనా” అంది.

“కూర్చోను పిన్నీ. బిందు వెళ్ళిపోతానంటోంది. తన పెళ్ళి మీకెవరికీ ఇష్టం లేదని, అందుకే రాలేదని.”

అనసూయ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “ఎంత మాట! పొద్దుట్నుంచీ మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదురా. మీ బాబాయి తెల్లారకముందే గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. మా ఇల్లొక్కటే కాదు, ఈ వరసలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. అందరం కాఫీ నీళ్ళ మీదున్నాం. ఇప్పుడొస్తారు పిలుస్తారని కళ్ళు కాయలు కాస్తున్నాయి.”

లక్ష్మీకాంత్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ వండింది తినేవాళ్ళు లేక, ఇక్కడ తినడానికి పిలిచేవాళ్ళు లేక, నడుమ నూరు గజాల వీధి.

“ఆకలితో మాడే బదులు వచ్చెయ్యొచ్చు గదా పిన్నీ? పరాయివాళ్ళమా?”

“మామూలు భోజనమైతే పిలవకపోయినా వచ్చి, పిలవలేదని మీ అమ్మని నాలుగు దులిపి, ఆరు బూరెలు తినేదాన్ని.” ఆమె గొంతు తగ్గించింది. “ఇది పిల్ల రెండో పెళ్ళి నాయనా. మనసారా పిలుస్తున్నారో, చెప్పామనిపించుకోవడానికి చెప్పారో మాకెట్టా తెలుస్తుంది? ఫోన్లో అనేసరికి, మీకే బెరుగ్గా ఉండి చాటుగా కానిచ్చేస్తున్నారేమో అనుకున్నాం. మీకు సిగ్గుగా ఉన్నచోటికి మేం ఎగేసుకుని ఎట్టా వస్తాం?”

ఆ మాట అతనికి సూటిగా తగిలింది.

మ్వాంజా వెళ్ళిన కొత్తలో సంతలో టమాటాలు కొనబోయాడు. బుట్ట ముందు కూర్చున్న ముసలావిడ ధర చెప్పదే! ఇల్లెలా ఉంది, పనెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, ఎండెలా ఉంది. అన్నీ అడిగి, అన్నింటికీ జవాబు చెప్పించుకుని, తనని కూడా అడగనిచ్చి, అప్పుడు టమాటా ముట్టుకోనిచ్చింది. అక్కడ ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట నిలబడి ‘హోడి’ అని కేకెయ్యాలి. లోపల్నుంచి ‘కరీబు’ అన్నాకే అడుగు లోపల పెట్టాలి. మొదట్లో విసుక్కున్నాడు. తరవాత నేర్చుకున్నాడు, ఎంత బాగా నేర్చుకున్నాడంటే కూలీలు మెచ్చుకునేవారు. అక్కడ గుమ్మం మర్యాద అంత శ్రద్ధగా నేర్చుకున్నవాడు సొంత ఊరి గుమ్మాలన్నింటినీ టెలిఫోను తీగ మీద దాటేశాడు. పైగా అక్కడ తంతులే ఉండవని ఇక్కడ కోతలు! తన మీద తనకే అసహ్యం వేసింది.

“తప్పయింది పిన్నీ. మీ కోడల్ని నాతో పంపించు. ఇప్పుడే అందర్నీ పిలుచుకుంటాను.”

“నా కోడలెందుకు? మీ ఇంట్లో ముత్తైదువ లేదా?”

“మా ఆవిడ మ్వాంజాలో...”

“మీ ఆవిడ సంగతి ఎవరడిగారయ్యా? బిందు లేదూ? మెళ్ళో తాళి ఉంది, కాళ్ళకి మెట్టెలున్నాయి. దాని ఇంటి భోజనానికి అదే వచ్చి పిలవాలి. తీసుకురా.”

లక్ష్మీకాంత్ ఇంటికొచ్చి ఆ కబురు చెప్పాడు. “నేనా?” అంది బిందు. “నేను బొట్టు పెడితే పెట్టించుకుంటారా?”

నాలుగేళ్ళుగా ఎవరింట్లో ఎవరు బొట్టు పెట్టినా తనంతట తనే వెనక గదిలోకి వెళ్ళిపోయేది. ఎవరూ పొమ్మనకముందే పోవడం అలవాటు చేసుకుంది.

పేరమ్మ లోపలికి వెళ్ళి, దేవుడి అలమర అడుగు నుంచి వెండి కుంకుమ బరిణె తెచ్చింది. “మీ నాన్న పోయాక దీన్ని బయటికి తియ్యలేదే. నేను మూత తియ్యకూడదు. నువ్వే తీసుకో” అంది.

మాలకొండయ్య కుర్చీలో నుంచి లేచి, “నేను కూడా రానా?” అన్నాడు.

“మీరొద్దు. మీరు ఆకలికి ఆగండి” అంది బిందు. పొద్దుట్నుంచీ ఆమె నోట వచ్చిన మొదటి మెత్తని మాట అది.

అనసూయ పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది. బిందు బరిణె మూత తీసి, ఉంగరం వేలు కుంకంలో ముంచి ఆగిపోయింది. వేలు లేవలేదు. అనసూయ తనే నుదురు ముందుకి వంచింది.

“చెయ్యట్టా ఆడించావంటే ముక్కుకంటుతుందే తల్లీ. కుదురుగా పెట్టు.”

బిందు పెట్టింది. “పిన్నీ, బాబాయీ, మా ఇంట్లో భోజనాలు. అందరూ రండి” అంది.

“నూరేళ్ళు చల్లగా ఉండు” అంది అనసూయ. ఆమె నుదుట బొట్టు కాస్త వంకరగా, పెద్దదిగా పడింది. దిద్దుకోలేదు. “ఇక ఇక్కణ్ణించి తిన్నగా సుబ్బరావమ్మక్కయ్య ఇంటికి వెళ్ళు.”

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కొయ్యబారిపోయారు.

సుబ్బరావమ్మ బిందు మొదటి అత్తగారు. ఇల్లు ఇదే వీధి చివర. ఆమె ఒక్కగానొక్క కొడుకు పేట రోడ్డు మీద లారీ కింద పడి పోయి నాలుగేళ్ళయింది.

“ఆమెకి ఫోనన్నా చేశావా కాంతం?” అని బాపయ్య అడిగాడు.

“లేదు బాబాయ్. ధైర్యం చాల్లేదు.”

“అందుకే చెప్తున్నా. ఆ గుమ్మం దాటేసి మేమందరం వచ్చి బూరెలు తింటే రేపు ఆ మనిషి మొహం ఎట్టా చూస్తాం? ఆమె నీ చేతి బొట్టు పెట్టించుకుందా, ఊరంతా మీ వాకిట్లో ఉంటుంది. కాదందా, ఇంక మా వల్లా కాదు తల్లీ. ఆ ఇంటికి దుఃఖం కలిగించి మేం విందు తినలేం.”

ఇద్దరూ బయటికొచ్చారు. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. వీధంతా వాళ్ళ వెనకే చూస్తోంది.

“వద్దు బిందూ. ఇంటికి పోదాం. ఆవిడ ఏమన్నా అంటే నువ్వు తట్టుకోలేవు” అన్నాడు లక్ష్మీకాంత్.

“అంటే పడతాను.”

“నీకేం ఖర్మ పడ్డానికి?”

“ఆయన పోయాక ఏడాది ఆ ఇంట్లో ఉన్నానన్నయ్యా. నాకు పెట్టకుండా ఆవిడ ఒక్క పూట తినలేదు. నేనేమో మొన్న పెళ్ళి చేసుకోబోతూ ఆవిడకి ఒక్క మాట చెప్పలేదు. ఊరివాళ్ళు నా మొహం చూడట్లేదని ఇందాక ఏడ్చాను. నేను చేసిందేమిటి?”

లక్ష్మీకాంత్ వెంట నడిచాడు.

సుబ్బరావమ్మ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. అతను గడప ఇవతలే ఆగాడు. ‘హోడి’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. “అత్తయ్యగారూ” అని పిలిచాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, నుదుట కాసంత కుంకం, ముతక నేత చీర. ఆమె అతన్ని చూడలేదు. బిందుని చూసింది, మెడలో పసుపుతాడు చూసింది, చేతిలో బరిణె చూసింది.

“అత్తయ్యా” అంది బిందు.

“నీ బొట్టు తీసేసిన రోజు నేను ఈ గుమ్మంలోనే కూర్చున్నాను. చూడలేక మొహం తిప్పుకున్నాను.” ఆమె గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. చెయ్యి చాచి బిందు గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఆ నుదుటి వైపు కదలకుండా చూసింది. “నన్ను ఎవరనుకుని పిలవడానికొచ్చావు?”

బిందు బరిణె మూత తీసింది. కుంకంలో వేలు ముంచింది. “మా ఇంట్లో భోజనాలు అత్తయ్యా. మీరూ మావయ్యా రండి” అని వేలు ఎత్తింది.

సుబ్బరావమ్మ నుదురు వంచలేదు. బిందు చేతిలోంచి బరిణె తీసుకుని, మూత పెట్టి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్రటి వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. లోపలెక్కడో ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడైంది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

“పోదాం పద” అన్నాడు లక్ష్మీకాంత్ గుసగుసగా.

“అమ్మ బరిణె లోపలుంది” అంది బిందు. కదల్లేదు.

ఏం చెయ్యాలో తోచక అతను వాకిట్లోకి చూశాడు. చూరు కింద కట్టెల పొయ్యి. శుభ్రంగా అలికి, ముగ్గు పెట్టి ఉంది. పక్కన ఎండుకట్టెలు, బోర్లించిన అన్నపు గిన్నె. రెండు కావస్తోంది. ఆ ముగ్గు మీద ఒక్క బూడిద రేణువు లేదు. పొద్దుట్నుంచీ పిలుపు కోసం చూస్తూ ఆ ఇంట్లో కూడా పొయ్యి వెలిగించలేదు.